మిరపకాయల పనికి వెళ్ళే అమ్మకు గుడ్డ మాస్కు కుట్టాలి: కొలతలు, గుడ్డ, నాడాల గురించి చెప్పగలరు

ప్రశ్న: కొత్త మిషను

అందరికీ నమస్కారం. మా అమ్మ గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. టిక్కీ (మిరపకాయల బస్తా) విప్పి కాయలను నేలమీద గుమ్మరించినప్పుడు లేచే దుమ్ముకు తుమ్ములు, దగ్గు ఆగవని, అందులోనూ తేజ రకం కాయ వచ్చిన రోజున రాత్రి పడుకున్నాక కూడా గొంతు మండుతూనే ఉంటుందని చెబుతుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరూ చీర కొంగునో తువ్వాలునో ముక్కుకు అడ్డంగా చుట్టుకుంటారు. అది పావుగంటకోసారి జారుతుంది, జారినప్పుడల్లా కారం అంటిన చేతులతోనే దాన్ని మళ్ళీ పైకి లాక్కుంటారు.

ఇంట్లో మా నాయనమ్మ నాటి తొక్కుడు మిషను ఉంది. దానిమీద లంగాలకూ దిండు గలీబులకూ సరిపడే కుట్టు నాకు వచ్చు. ఆ ధైర్యంతోనే నాన్నగారి పాత లుంగీ కత్తిరించి, ముక్కు దగ్గర నిలువుగా ఒక కుట్టు వేసి, గిన్నె ఆకారంలో రెండు మాస్కులు కుట్టి, చెవులకు ఎలాస్టిక్ పెట్టి ఇచ్చాను. రెండూ పనికి రాలేదు. ముక్కుకు రెండు పక్కలా వేలు దూరేంత సందు మిగిలింది, ఆ సందులోంచి ఊపిరి పైకి తన్ని అమ్మ కళ్ళజోడు మసకబారింది. మధ్యాహ్నానికి చెవుల వెనక ఎర్రగా కమిలింది. ఒక మాస్కుకు లోపలి వైపు వేసిన కొత్త గుడ్డ ఒక్క ఉతుకుతోనే ముడుచుకుపోయి, బయటి గుడ్డ సంచిలా ఉబ్బింది.

అమ్మకూ, ఆమెతో కలిసి వెళ్ళే మరో నలుగురికీ తలా రెండు చొప్పున పది మాస్కులు కుట్టాలని నా ఆలోచన. ఏ గుడ్డ కొనాలి, ఎంత కొనాలి, ఎన్ని పొరలు వేయాలి, ముక్కు దగ్గర సందు లేకుండా ఎలా చేయాలి అన్నవి అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు 1: పొదుపు సంఘం దర్జీ

అమ్మాయీ, ఆ రెండు మాస్కులూ పనికిరాలేదని దిగులు పడనవసరం లేదు. కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున సుమారు 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని తలపెట్టి, ఆ కుట్టుపనిని పొదుపు సంఘాల ఆడవాళ్ళకు అప్పగించినప్పుడు మా సంఘంలో ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టినవారు కూడా మొదటి రోజు ఇలాంటి తప్పులే చేశారు. జాకెట్టు ఒంటికి పట్టకపోతే వెంటనే కంటికి కనిపిస్తుంది, కానీ మాస్కు పట్టకపోవడం కనిపించదు, ఊపిరి ఎటు పోతోందో చెయ్యి అడ్డం పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మీరు రాసినదంతా చదివాక నాకు తోచినది ఏమిటంటే, మీ ఇబ్బంది పొరల సంఖ్యలో లేదు, అంచులు ముఖానికి ఆనకపోవడంలో ఉంది. అందుకని గిన్నె ఆకారాన్ని ఇప్పటికి పక్కన పెట్టి, మడతల మాస్కు కుట్టండి. అది అన్ని ముఖాలకూ సర్దుకుంటుంది, పైగా ముక్కుమీద నిలువు కుట్టు ఉండదు కనుక సూది రంధ్రాల బాధ కూడా ఉండదు.

ముందు గుడ్డ సంగతి. లుంగీ ఎన్నో ఉతుకులు తిని పల్చబడి ఉంటుంది, దాన్ని వదిలేయండి. నూలు పాప్లిన్ తీసుకోండి. దుకాణంలోనే ఒక పొరను ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూడండి, పడుగూ పేకా మధ్య వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది మనకు పనికిరాదు. అలాగని కాన్వాసు లాంటి మందపు గుడ్డకు పోతే ఊపిరి ఆడదు, ఊపిరి ఆడని గుడ్డను మనిషి ఎలాగూ గడ్డం కిందకు లాగేసుకుంటుంది. 36 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉన్న పాప్లిన్‌ను ముదురు రంగులో ఒక మీటరు, లేత రంగులో ఒక మీటరు కొంటే మీకు పది మాస్కులు వస్తాయి. రెండు రంగులు ఎందుకో తర్వాత చెబుతాను.

కత్తెర పెట్టే ముందు రెండు గుడ్డలనూ విడివిడిగా వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేయండి. గంజి పోయి, ముడుచుకోవలసినదంతా అప్పుడే ముడుచుకుంటుంది. మీరు ఒక పొరకు పాత గుడ్డ, మరో పొరకు ఉతకని కొత్త గుడ్డ వేశారు కాబట్టే కొత్తది ముడుచుకుని పాతది ఉబ్బింది. మీటరు గుడ్డ తడిశాక నిలువు 38 అంగుళాలకు వచ్చిందనుకుందాం. ఆ నిలువునా, అంచు వెంబడి, ఒకటిన్నర అంగుళాల వెడల్పున పది పట్టీలు తీయండి. వాటికి 15 అంగుళాల పన్నా పోతుంది. మిగిలిన దానిలో 8 అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు ఉన్న ముక్కలు అడ్డంగా రెండు, నిలువుగా ఐదు, మొత్తం పది వస్తాయి. రెండో రంగు గుడ్డకూ ఇదే లెక్క. ఒక్కో మాస్కుకు ముదురు ముక్క ఒకటి, లేత ముక్క ఒకటి, పట్టీలు రెండు. ముక్కలను ఐమూలగా మాత్రం కత్తిరించకండి, ఐమూల గుడ్డ సాగి, పోగుల మధ్య సందు తెరుచుకుంటుంది.

ఇక కుట్టడం. ముదురు ముక్కనూ లేత ముక్కనూ మంచివైపులు ఒకదానికొకటి ఆనేలా పెట్టి, 8 అంగుళాల అంచులు పైనా కిందా అర అంగుళం లోపలికి కుట్టండి. రెండు పక్కలూ తెరిచే ఉంచండి. గొట్టంలా వచ్చిన దానిని తిరగేసి ఇస్త్రీ చేస్తే ఎత్తు ఆరున్నర అంగుళాలు ఉంటుంది. పై అంచుకు అర అంగుళం కింద, ఈ చివరి నుంచి ఆ చివరి వరకు మరో కుట్టు వేస్తే తీగ దూర్చడానికి దారి ఏర్పడుతుంది. నాలుగు అంగుళాల మెత్తని అల్యూమినియం తీగ ముక్క తీసుకుని, రెండు కొసలనూ గుండ్రంగా వంచి, దారి మధ్యకు నెట్టి, అటూ ఇటూ జరగకుండా చెరో అడ్డకుట్టు వేయండి. ఇల్లు కట్టేచోట ఇనుప కడ్డీలకు చుట్టే బైండింగ్ తీగ మాత్రం వద్దు. మాకు మొదట్లో ఎవరో అదే తెచ్చి ఇస్తే నాలుగో ఉతుకుకు గుడ్డమీద తుప్పు మరకలు తేలాయి.

మూడు మడతలు వేయాలి. ఒక్కో మడత లోతు అర అంగుళం, అంటే ఒక్కోటి అంగుళం గుడ్డను మింగుతుంది, కనుక పక్కన ఎత్తు మూడున్నర అంగుళాలకు తగ్గుతుంది. మడతల నోళ్ళు బయటి వైపున కిందకు చూడాలి. పైకి చూస్తే పైనుంచి రాలే కారపు పొడి వాటిలో చేరి కూర్చుంటుంది. వైరస్ కోసం కుట్టినప్పుడు కూడా ఈ నియమం పాటించాం, కానీ మిరపకాయల పనిలో దీనిని అస్సలు తప్పకూడదు. గుండుసూదులు మధ్యలో గుచ్చకుండా పక్క అంచుల దగ్గరే గుచ్చండి.

పట్టీని జాకెట్టు పైపింగు మడిచినట్టు రెండు అంచులూ లోపలికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, దాని నడిభాగంలో మాస్కు పక్క అంచును ఇరికించి, ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకే కుట్టుగా లాగండి. మూడున్నర అంగుళాలు మాస్కుకు పోగా పైకి 17, కిందకు 17 అంగుళాల నాడాలు మిగులుతాయి. మడతల దగ్గర గుడ్డ బాగా మందమవుతుంది, తొక్కుడు మిషను అక్కడ మొరాయించి సూది విరుస్తుంది. ఆ రెండు అంగుళాలూ తొక్కే పలక మీంచి మీ కాలు తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క పోటే వేయండి. 16 నంబరు సూది పెట్టుకుంటే మంచిది. పై నాడాలు చెవుల మీదుగా వెళ్ళి కొప్పుకు పైన, కింది నాడాలు చెవుల కిందుగా వెళ్ళి మెడ వెనక కట్టుకోవాలి. అప్పుడు చెవులమీద బరువే పడదు.

రెండు రంగులు ఎందుకంటే, భోజనానికి విప్పి పెట్టినప్పుడు ఏది లోపలి వైపో ఏది బయటి వైపో తెలియకపోతే, పొద్దుటి నుంచి కారం పట్టిన వైపును తెచ్చి నేరుగా పెదవులకు ఆనించుకుంటారు. ఒక్కసారి అలా జరిగిందంటే ఆ మనిషి ఇంక జన్మలో మాస్కు ముట్టుకోదు. లేత రంగు ఎప్పుడూ ముఖం వైపే అని అందరికీ చెప్పండి.


జవాబు 2: ల్యాబులో పని

పై జవాబులోని కుట్టు విధానానికి నేను చేర్చగలిగినదేమీ లేదు. కానీ గుడ్డ మాస్కు ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో మీ అమ్మగారికి ముందే చెప్పడం అవసరమని నా అభిప్రాయం.

2020లో గుడ్డ మాస్కులను అందరూ వాడమన్నది ప్రధానంగా మన నోటి తుంపరలు ఎదుటివారిమీద పడకుండా ఉండేందుకు. ఆ ఏడాది జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోపల తడిని పీల్చే నూలు, బయట తడిని అంతగా పీల్చని పాలియెస్టర్ వంటి గుడ్డ, మధ్యలో వడపోతకు మరొక పొర అని మూడు పొరలు సూచించిందీ ఆ దృష్టితోనే. మీ అవసరం దానికి తలకిందులు. బయటి దుమ్ము లోపలికి రాకూడదు. గింజ పొట్టు, కాయ పెంకులు, కంటికి కనిపించే ముతక పొడి వంటి వాటిని దట్టమైన రెండు పొరల పాప్లిన్ బాగానే ఆపుతుంది, చీర కొంగుతో పోలిస్తే నయం. గాలిలో తేలే సన్నటి నలుసును మాత్రం ఇంట్లో కుట్టిన ఏ గుడ్డా నమ్మకంగా ఆపలేదు. ఎన్95 అనే పేరులోని 95కు అర్థం, పరీక్షలో 0.3 మైక్రాన్ల నలుసులలో కనీసం 95 శాతాన్ని ఆపాలని. దానికి దగ్గరి ఎఫ్‌ఎఫ్‌పీ2 రకానికి మన దేశంలో ఐఎస్ 9473 అనే ప్రమాణం ఉంది. ఇంట్లో కుట్టిన గుడ్డ మాస్కుకు అలాంటి పరీక్షా లేదు, అలాంటి హామీ కూడా లేదు.

అందుచేత ఆ ఐదుగురిలో ఎవరికైనా ఉబ్బసం ఉన్నా, పని మొదలుపెట్టిన కాసేపటికి పిల్లికూతలు వినిపిస్తున్నా, వారికి గుడ్డ మాస్కు ఇచ్చి ధైర్యం చెప్పకండి. వారు వైద్యునికి చూపించుకోవాలి, ఆ పనిలోకి వెళ్ళక తప్పకపోతే ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు కొని ఇవ్వాలి. కవాటం (వాల్వు) ఉన్న మాస్కు వద్దని 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిన మాట చాలామందికి గుర్తుండి, ఇప్పటికీ దానిని చూసి జంకుతారు. కవాటం మనం వదిలే గాలిని వడపోయకుండా బయటకు పంపుతుంది కాబట్టి అంటువ్యాధి రోజుల్లో అది తప్పు. దుమ్ము పనిలో మనం పీల్చే గాలే ముఖ్యం కనుక కవాటం ఉన్నా నష్టం లేదు, ఎండాకాలంలో లోపలి వేడి తగ్గుతుంది కూడా.

ఉతకడం గురించి ఒక మాట. మిరపలోని ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో దాదాపుగా కరగదు, నూనెలోనూ ఆల్కహాలులోనూ కరుగుతుంది. ఉత్త నీళ్ళలో జాడించి ఆరేసిన మాస్కులో ఘాటు అలాగే ఉండిపోతుంది. దులపకుండా, నలపకుండా నేరుగా సబ్బు నీళ్ళలో అరగంట ముంచి ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, రెండోసారి సబ్బు పెట్టి ఉతకాలి. ఆ నీళ్ళలో పిల్లల బట్టలు వేయకూడదు. 2020లో మాస్కులను ఉప్పునీళ్ళలో మరిగించమని చెప్పినది క్రిముల కోసం. కారం పట్టిన మాస్కును తెచ్చి వంటింట్లో మరిగిస్తే ఇల్లంతా దగ్గుతుంది.


జవాబు 3: ఖమ్మం మార్కెట్ పక్క వీధి

దర్జీ అక్క చెప్పిన నాలుగు నాడాల పద్ధతితో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. మా ఇంట్లోనూ ఇద్దరు మిర్చి పనికి వెళతారు. ముఖానికి పట్టే విషయంలో నాడాలకు మించినది లేదని ఒప్పుకుంటాను, కానీ మంచినీళ్ళు తాగాలన్నప్పుడల్లా తల వెనక రెండు ముడులు విప్పి మళ్ళీ కట్టుకోవడం అయ్యే పని కాదు. ముడి విప్పే చేతికి కారం ఉంటుంది, ఆ కారం మెడకూ జుట్టుకూ అంటుతుంది, చెమట పట్టాక అది కంటిదాకా దిగుతుంది. చివరకు ఏం చేస్తారంటే పై ముడి మాత్రం విప్పి మాస్కును మెడలో వేలాడేస్తారు. అప్పుడు లోపలి వైపు పైకి తెరుచుకుని దుమ్మును దోసిలిపట్టినట్టు పడుతుంది.

మేము చేసినది ఇది. పక్క పట్టీని నాడాగా సాగదీయకుండా మాస్కు అంచు వరకే గొట్టంలా కుట్టి, ఆ రెండు గొట్టాలలోంచి ఒకే పొడవైన నూలు తాడు దూర్చాము. పైన మెలిక తలకు, కింద ముడి మెడ వెనక. ముడి పొద్దున ఒక్కసారే వేసుకుంటారు. నీళ్ళు తాగాలంటే పై మెలికను మణికట్టుతో వెనక్కి తోసి, మాస్కును గుడ్డ సంచిలో వేసినట్టు మడిచి రొమ్ము మీద పైట లోపల పెట్టుకుంటారు. వినడానికి మోటుగానే ఉంటుంది కానీ కారపు వేళ్ళు ముఖం దాకా రావు. తాడు మధ్యలో ఒక జానెడు ఎలాస్టిక్ ముక్క అతికితే ఇంకా సులువు, కాకపోతే కారానికీ సబ్బుకూ ఎలాస్టిక్ ఒక నెలలో చచ్చిపోతుంది. తాడుకు ఆ గొడవ లేదు.


జవాబు 4: పొదుపు సంఘం దర్జీ

ఖమ్మం తమ్ముడు చెప్పినది సబబుగా ఉంది. మేము కుట్టినవి బయటికి వెళ్ళి రెండు గంటల్లో తిరిగి వచ్చేవారి కోసం, రోజంతా కాయల ముందు కూర్చునేవారి కోసం కాదు. ఆ తేడా నాకు తట్టలేదు. తాడు పద్ధతిలో కుట్టాలంటే పక్క పట్టీని ఐదు అంగుళాలు తీసుకుని, మూడున్నర అంగుళాల అంచుకు అటూ ఇటూ ముప్పావు అంగుళం లోపలికి మడిచి కుట్టాలి. తాడు తేలికగా జారేలా గొట్టం అర అంగుళానికి తగ్గకూడదు, అందుకని పట్టీ వెడల్పును రెండు అంగుళాలు చేయండి. ఒక చిన్న జాగ్రత్త ఉంది: తాడు మరీ జారితే లాగినప్పుడు మాస్కు పక్కలు కుచ్చుకుపోయి, బుగ్గల దగ్గర సందు తెరుచుకుంటుంది. గొట్టం మధ్యలో తాడును పట్టి ఒక చేతి కుట్టు వేస్తే ఆగుతుంది. కానీ ఆ కుట్టు వేసే ముందు మాస్కును మనిషికి తొడిగి, తల మెలిక పొడవు సరిచూసుకోవాలి. ఒకరి కొలతతో ఐదుగురికీ కుట్టేస్తే మళ్ళీ మొదటికే వస్తారు.

పట్టిందో లేదో తెలుసుకోవడానికి కళ్ళజోడే మంచి పరీక్ష. తీగను ముక్కుకు నొక్కి, నాలుగుసార్లు గట్టిగా ఊపిరి వదిలినప్పుడు అద్దాలు మసకబారితే తీగ ఇంకా వంగాలి. జోడు లేనివారు కనుబొమల కింద వేలు పెట్టి చూసుకోవచ్చు, వేలికి వెచ్చగా తగిలితే గాలి పైనుంచి పోతున్నట్టే.


ప్రశ్న అడిగినవారి మాట: కొత్త మిషను

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాప్లిన్ నీలం ఒక మీటరు, తెలుపు ఒక మీటరు కొన్నాను. తడిపి ఆరేశాక నిలువు ముప్పై ఎనిమిదిన్నర అంగుళాలు వచ్చింది, లెక్క సరిపోయింది. ముందు రెండే కుట్టాను, ఒకటి నాలుగు నాడాలతో, ఒకటి తాడుతో. మడతల దగ్గర చక్రం చేత్తో తిప్పమన్న మాట మొదటి దానికి మరిచిపోయి ఒక సూది విరగ్గొట్టుకున్నాను.

అమ్మ రెండు రోజులు మార్చి మార్చి వాడి చూసింది. నాడాలది ముఖానికి ఎక్కువగా అతుక్కుందని, కళ్ళజోడు అసలు మసకబారలేదని చెప్పింది. అయినా మూడో రోజు పొద్దున చేయి చాచి తాడుదే తీసుకుంది. కారణం అడిగితే, పక్కన కూర్చునే అత్తయ్యకు ముడి విప్పడానికి తాను రెండుసార్లు లేవవలసి వచ్చిందట. పని ఆగితే కూలి ఆగుతుంది కదా. సాయంత్రం మాస్కు తెచ్చి చూపించింది. బయట నీలం మీద ఎర్రటి దుమ్ము మడతల అంచుల వెంట గీతలు గీసినట్టు ఉంది, లోపల తెల్లటి పొర పై అంచు దగ్గర తప్ప మామూలుగానే ఉంది. పై అంచున, ముక్కుకు ఎడమవైపు మాత్రం గోరంత మేర ఎరుపు కనిపించింది. అంటే అక్కడ తీగ ఇంకా సరిగా వంగలేదు. నాలుగు అంగుళాల తీగను ఐదు చేసి చూస్తాను.

ల్యాబు వారు చెప్పినది చదివి వినిపించిన తర్వాత, తనకు చిన్నప్పటి నుంచి ఆయాసం ఉందని ఆ నలుగురిలో ఒకావిడ బయటపెట్టింది. ఇన్నాళ్ళూ మేస్త్రీకి తెలిస్తే పని ఇవ్వడేమోనని చెప్పలేదట. ఆమెకు కవాటం ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు తెచ్చాము, ఆదివారం అమ్మ ఆమెను ఆసుపత్రికి తీసుకువెళుతోంది. ఆమె వాటా గుడ్డతో మిగిలినవారిలో ఇద్దరికి మూడో మాస్కు వేస్తాను. మధ్యాహ్నానికి ఒకటి చెమటకు తడిసిపోతోంది కనుక రెండు చాలడం లేదని అమ్మ ఇప్పటికే అంటోంది.

ఒక్క సందేహం మిగిలింది. నూలు తాడు మెడ వెనక చెమటకు తడిసి ఒరుసుకుంటోందని అమ్మ అంటోంది. అక్కడివరకు మిగిలిన పాప్లిన్ పట్టీని తొడుగులా కుడితే సరిపోతుందా, లేక తాడునే మార్చాలా?


జవాబు 5: ఖమ్మం మార్కెట్ పక్క వీధి

తాడు మార్చనవసరం లేదు. కొత్త తాడు కనుక బిరుసుగా ఉంటుంది, నాలుగు ఉతుకులకు మెత్తబడుతుంది. అప్పటివరకు మీరన్న పాప్లిన్ తొడుగే వేయండి, కానీ దాన్ని తాడుకు కలిపి కుట్టకండి. విడిగా తీసి ఉతుక్కునేలా ఉంచండి, ఎందుకంటే మాస్కు కంటే ముందు మాసేది అదే.